చిట్టికి పిల్లలు పుడితే నగలు విడిపించుకోగలమా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా ఆడ లాబ్రడార్ చిట్టికి రెండున్నరేళ్లు. జాతి ధ్రువపత్రాలు లేవు. జత కట్టిస్తే ఏడు పిల్లలైనా పుడతాయని, ఒక్కొక్కటి 12,000 రూపాయలకు పోతుందని పక్కింటివారు అంటున్నారు. ఒక పిల్లను మేమే పెంచుకుని, మిగిలినవి అమ్మి 80,000 రూపాయల బంగారు రుణం తీర్చాలని మా ఆలోచన. గడువు ఇంకా ఐదు నెలలుంది. పశువైద్యుడేమో గర్భసంచి తీయించమంటున్నారు, 9,000 అవుతుందట. చిట్టి పోయిన నెలలోనే ఎదకు వచ్చింది. దాని పోషణకు నెలకు 3,500 అవుతోంది. అన్ని ఖర్చులూ పోగా మాకు 8,000 మిగులుతుంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు క్యాలెండర్ తీయండి. లాబ్రడార్ సాధారణంగా ఆరేడు నెలలకు ఒకసారి ఎదకు వస్తుంది. అంటే చిట్టిని జత కట్టించే సమయానికే మీ రుణం గడువు వచ్చేస్తుంది. ఆ తర్వాత మోసే కాలం దాదాపు 63 రోజులు. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనలు చెబుతున్నాయి. ఎలా లెక్కవేసినా తొమ్మిది, పది నెలలకు గానీ మీ చేతికి రూపాయి రాదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుట్టని పిల్లలను నమ్ముకుని మెడలో గొలుసు గడువు దాటించకండి.

ఇక పక్కింటివారి 84,000. ఏడు పిల్లల్లో ఒకటి మగకుక్క యజమానికి ఇవ్వాలి, అదే ఎక్కువచోట్ల మాట. ఒకటి మీరు ఉంచుకుంటారు. ఒకటి దక్కకపోవచ్చు, లేదా కొనేవారు దొరకక ఏ బంధువులకో ఊరికే వెళ్లవచ్చు. నాలుగు మిగిలాయి, 48,000. అదీ ధ్రువపత్రాలు లేకుండా ఆ ధర పలికితేనే. ఖర్చుల వైపు చూస్తే, అమ్మకానికి పిల్లలు పుట్టించేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేసుకోవాలి, దాని రుసుము 5,000. చిట్టికి పరీక్షలు, స్కానింగ్, పాలిచ్చే రోజుల్లో రెట్టింపు తిండి కలిపి 10,000 అనుకుందాం. పిల్లల నులిపురుగుల మందులు, టీకాలు, తిండికి తలా 2,000 చొప్పున 14,000. ఇవి నా అంచనాలు, మీ డాక్టరును అడిగి సరిచేసుకోండి. చివరికి మిగిలేది 19,000. అర్ధరాత్రి కాన్పు కష్టమై సిజేరియన్ చేయాల్సి వస్తే అదీ ఉండదు. రెండు నెలల పాటు మీ ఇంట్లో నిద్ర ఉండదన్న సంగతి నేను లెక్కలో వేయనేలేదు.

మీ ఉత్తరంలో అందరికంటే ఖరీదైనది మీరు ఉంచుకోవాలనుకున్న ఆ ఒక్క పిల్ల. నెలకు 3,500 అంటే ఏడాదికి 42,000. పదేళ్లకు 4,20,000, ధరలు పెరగకపోతే. చిట్టి కూతురు ఇంట్లో తిరగాలన్న కోరిక నాకు అర్థమవుతుంది, అందులో తప్పేమీ లేదు. కానీ అది ఖర్చు పద్దు. దాన్ని ఆదాయం పద్దులో రాసుకోవడమే పొరపాటు.

ఆడకుక్క ఒక్క కాన్పైనా చూస్తేనే ఆరోగ్యంగా ఉంటుందన్న మాట మీకూ ఎవరో చెప్పే ఉంటారు. అందులో నిజం లేదు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు వయసు పెరిగే కొద్దీ గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంది. మా రాణికి ఏడేళ్ల వయసులో అదే జరిగింది. అందరికీ పొదుపు పాఠాలు చెప్పే నేను, అనవసరపు ఖర్చని ఆ ఆపరేషన్‌ను ఏటా వాయిదా వేశాను. చివరికి ఒక ఆదివారం రాత్రి అత్యవసరంగా చేయించి, ముందే అయితే అయ్యేదానికి నాలుగింతలు కట్టాను. రాణి బతికింది కాబట్టి ఇప్పుడు ఇది నవ్వుతూ రాయగలుగుతున్నాను.

కాబట్టి నా ఓటు డాక్టరుకే. ఎద తగ్గాక సాధారణంగా రెండు మూడు నెలలు ఆగి ఆపరేషన్ చేస్తారు, తేదీ ఆయననే అడగండి. ఈ నెల, వచ్చే నెల మిగులులోంచి 9,000 పక్కన పెట్టండి. ఐదు నెలల మిగులు 40,000లో అది పోగా 31,000 ఉంటుంది. అందులోంచి ముందు వడ్డీ కట్టి, మిగిలింది అసలుకు జమ చేయండి. గడువుకు నెల ముందే బ్యాంకుకు వెళ్లి, మిగతా అసలుకు రుణం తిరగరాస్తారా అని అడగండి. వేలం నోటీసు వచ్చేదాకా ఆగవద్దు. రుణం తీరాక నెలకు 1,000 చొప్పున చిట్టి పేరున రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. ఆపరేషన్ తర్వాత లాబ్రడార్లు త్వరగా ఒళ్లు చేస్తాయి. తిండి కొలత తగ్గించమని డాక్టరు చెబితే ఆ 3,500లో కూడా కాస్త కలిసివస్తుంది.

రెండో కుక్కపిల్ల సంగతి నగలు ఇంటికి వచ్చాక మాట్లాడుకుందాం. అప్పటికీ మనసు లాగితే, ఇల్లు లేని పిల్లలు మీ వీధిలోనే కనిపిస్తాయి.