అమ్మలూ, కెమెరా సంగతి తర్వాత, ముందు కిటికీ చూడు

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు తీయబోయే సినిమా గురించి రాసిన మెయిల్ రెండుసార్లు చదివాను. సగానికి పైగా ఏ కెమెరా అద్దెకు తీసుకోవాలన్న దాని మీదే ఉంది, కథ గురించి నాలుగు ముక్కలు. దెప్పడానికి అనడం లేదమ్మా, నీ వయసులో నేనూ అంతే. కొత్త కెమెరా బాడీ వచ్చిందని తెలిస్తే చాలు, దాని చుట్టూ ప్రదక్షిణలు చేసేవాణ్ణి. ఇన్నేళ్లు ఫోకస్ లాగి (మనిషి కదిలినా బొమ్మ మసకబారకుండా లెన్స్ తిప్పే పని), ఆ తర్వాత చిన్నాచితకా సినిమాలకి కెమెరా పట్టిన వాడిగా ఇప్పుడు నా జవాబు ఇది: నీ ఫోను చాలు. మీ స్నేహితుడి మిర్రర్‌లెస్ కెమెరా దొరికితే ఇంకా సుఖం. ఏదైనా సరే, అది నీ మాట వినాలి. అందులో ‘ఆటో’ అని ఉన్నవన్నీ కట్టేసి, ప్రతిదీ నువ్వే తేల్చాలి.

ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్తాను. నా మొదటి షార్ట్ ఫిల్మ్‌లో ఒక తల్లి మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతూ కొడుకుతో మాట్లాడుతుంది. మాటల మధ్యలో ఎర్ర దుప్పటి తీసి దులిపింది. ఫ్రేమంతా ఎరుపు నిండేసరికి కెమెరా కంగారుపడి రంగు సరిచేయబోయింది. ఆవిడ మొహం ఉన్నట్టుండి నీలంపచ్చగా మారి, దుప్పటి మడత అయ్యేసరికి మళ్లీ మామూలైంది. వైట్ బ్యాలెన్స్‌ని, అంటే తెలుపు తెల్లగానే కనిపించేలా రంగు సరిచూసే సెట్టింగుని, ఆటోలో వదిలేసింది ఎవరో కాదు, నేనే. ఆవిడకి నిజంగా కన్నీళ్లు వచ్చింది ఆ ఒక్క టేక్‌లోనే. వారం రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని కొంచెం కొంచెంగా సరిచేశాను. అయినా ఆ అతుకు ఎక్కడుందో నాకిప్పటికీ కనిపిస్తుంది.

కాబట్టి వైట్ బ్యాలెన్స్‌ని పగటి వెలుతురులో 5600 కెల్విన్ (వెలుతురు రంగుని కొలిచే లెక్క), పసుపు బల్బుల కింద 3200 దగ్గర పెట్టి తాళం వేసెయ్. సీను అయ్యేదాకా ముట్టుకోకు. చాలా ఫోనుల్లో మామూలు కెమెరా ఇవన్నీ చేయనివ్వదు. మాన్యువల్ కంట్రోల్ ఇచ్చే యాప్ ఒకటి వేసుకో. అందులోనే ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని బొమ్మలు తీయాలన్న లెక్క) కూడా స్థిరంగా ఉంచమని చెప్పాలి. ఫోనులు వెలుతురుని బట్టి ఫ్రేమ్ రేట్‌ని అటూ ఇటూ మారుస్తుంటాయి. తర్వాత విడిగా రికార్డు చేసిన సౌండ్‌ని దానికి జతచేస్తే, మొదట్లో పెదాలకి సరిగ్గా కుదిరిన మాట చివరికొచ్చేసరికి జారిపోతుంది. ఎడిటర్ నిన్ను తిట్టుకుంటాడు.

ఇక కిటికీ. డబ్బు లేనివాడికి దొరికే లైట్లలో దీన్ని మించింది నేను చూడలేదు. నువ్వు పంపిన టెస్టులో ఆ అబ్బాయిని కిటికీకి ఎదురుగా నిలబెట్టావు. మొహమంతా తెల్లకాగితంలా చదునుగా వచ్చింది. ఈసారి కుర్చీని కిటికీ పక్కన వేసి, వెలుతురు మొహానికి ఒక వైపు నుంచి పడేలా కూర్చోబెట్టు. ముందు గదిలో దీపాలన్నీ ఆర్పెయ్. పగటి వెలుతురూ బల్బు వెలుతురూ కలిస్తే ఒక చెంప నీలం, ఒక చెంప పసుపు అవుతాయి. ఇప్పుడు నువ్వు కెమెరా తియ్యకుండా ఎదురుగా నిలబడి, అతన్ని మెల్లగా తల తిప్పమను. కళ్లని మాత్రమే చూస్తూ ఉండు. ఒకచోట రెండు కళ్లలోనూ కిటికీ బొమ్మ చిన్న చుక్కలా మెరుస్తుంది. ఇంకొంచెం తిప్పితే దూరంగా ఉన్న కంట్లో ఆ మెరుపు పోతుంది, కన్ను చచ్చిపోయినట్టు ఉంటుంది. ఆ మెరుపు పోకముందే ఆపు. నీ క్లోజప్ అక్కడుంది.

నీడ వైపు మరీ నల్లగా ఉంటే ఫ్రేమ్‌కి ఆనకుండా ఒక తెల్ల థర్మోకోల్ షీటు పట్టించు. దగ్గరికి జరిపితే నీడ పలచబడుతుంది, వెనక్కి లాగితే చిక్కబడుతుంది. కొన్నిసార్లు దీనికి వ్యతిరేకం కావాలి. గోడలన్నీ తెల్లగా ఉన్న చిన్న గదిలో వెలుతురు అన్ని వైపులా తన్నుకొచ్చి మొహంలో లోతు చంపేస్తుంది. అప్పుడు నీడ వైపు నల్లగుడ్డ కట్టు. కొత్తవాళ్లు ఈ పని చేయరు, వాళ్ల ధ్యాసంతా వెలుతురు పెంచడం మీదే. ఇంకో మాట, మనిషిని గోడకి ఆనించకు. కిటికీకి దగ్గరగా, వెనక గోడకి దూరంగా ఉంచితే వెలుతురు మొహం మీద బలంగా పడి, గోడ చేరేసరికి తగ్గిపోతుంది. మనిషి దానంతటదే విడిగా కనిపిస్తాడు. టేబుల్ ల్యాంపుతో కూడా ఈ లెక్క వాడుకోవచ్చు: బల్బు నుంచి దూరం రెట్టింపు చేస్తే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది.

సత్యజిత్ రాయ్ సినిమాలకి కెమెరా పట్టిన సుబ్రత మిత్రా పేరు విన్నావా? వాళ్ల ‘అపరాజితో’ 1956లో వచ్చింది. అందులో ఆకాశం కనిపించే ఇంటి లోపలి ముంగిలిని స్టూడియోలో సెట్ వేయాల్సి వచ్చింది. మామూలు స్టూడియో లైట్లు కొడితే తేడా తెలిసిపోతుంది కదా. ఆయన సెట్ పైన తెల్లగుడ్డ బిగించి, లైట్లని దాని మీదకి కొట్టి, తిరిగొచ్చిన వెలుతురుతో తీశాడు. చూసేవాళ్లు అది నిజమైన ముంగిలే అనుకున్నారు. నీకు కిటికీ లేని గది తగిలితే చేయాల్సిందీ అదే. ఒక్క గట్టి లైటు తీసుకుని మనిషి మీదకి కాకుండా తెల్లటి గోడ మీదకో పైకప్పు మీదకో తిప్పు. గోడ లేతాకుపచ్చదైతే మొహం కూడా ఆకుపచ్చగా వస్తుంది, అది మాత్రం చూసుకో.

కిటికీతో ఒక్కటే తంటా, అది నీ కోసం ఆగదు. అందుకే రెక్కీకి (షూటింగ్ చోటు ముందుగా చూసి రావడానికి) వెళ్తే షూటింగ్ చేయబోయే గంటలోనే వెళ్లు. ఉదయం బంగారంలా ఉన్న గది మధ్యాహ్నానికి గుహలా ఉండొచ్చు. వెలుతురు బాగున్నంతసేపూ వైడ్ షాట్లు, అంటే గది మొత్తం కనిపించేవి, కానిచ్చెయ్. క్లోజప్‌లని వెలుతురు పోయాక కూడా ఒక ల్యాంపు, ఒక తెల్లగుడ్డతో మోసం చేయొచ్చు, గది మొత్తాన్ని చేయలేం.

షట్టర్ గురించి, అంటే ఒక్కో ఫ్రేముకి ఎంతసేపు వెలుతురు పడాలన్న దాని గురించి, అడిగావు. సెకనుకి 24 ఫ్రేములైతే షట్టర్ 1/48, కెమెరాలో దానికి దగ్గరగా దొరికేది 1/50. ఫ్రేమ్ రేట్‌కి రెట్టింపు అని గుర్తుపెట్టుకో. అంతకంటే పెంచితే నడిచే మనిషి చేతులు టకటకా కొట్టుకున్నట్టు ఉంటాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట దీపాలు సెకనుకి వందసార్లు మినుకుమంటాయి, మన కంటికి తెలియదు గానీ కెమెరాకి తెలుస్తుంది. అక్కడ 1/50 లేదా 1/100 పెట్టు. 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120. చవక ఎల్ఈడీలు, ముఖ్యంగా వెలుతురు తగ్గించి వాడినప్పుడు, ఈ లెక్కకి లొంగవు. షూటింగ్‌కి ముందు రోజే ఒక నిమిషం తీసి పెద్ద తెర మీద చూడు, చారలు పాకుతుంటే ఆ లైటు పక్కన పెట్టెయ్.

షట్టర్‌ని ఇలా కట్టేస్తే బయట ఎండలో ఇబ్బంది మొదలవుతుంది. నిండు ఎండలో ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకి ఎంత స్పందించాలన్న అంకె) 100, షట్టర్ 1/50 అంటే అపర్చర్‌ని, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 22 దాకా మూయాలి; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. నీకేమో వెనక్కాల కాస్త మసకగా ఉండాలని ఎఫ్ 4 కావాలి. మధ్యలో అయిదు స్టాపుల వెలుతురు ఎక్కువ, ఒక్కో స్టాపుకీ వెలుతురు రెట్టింపు. దాన్ని ఆపేది ఎన్‌డీ ఫిల్టరు, కెమెరాకి పెట్టే నల్లకళ్లద్దాలన్నమాట. అయిదు స్టాపులకి ఎన్‌డీ 32 కావాలి. తిప్పితే నలుపు మారే రకం సౌకర్యమే గానీ, వైడ్ లెన్స్ మీద చివరిదాకా తిప్పితే ఫ్రేములో ఇంటూ గుర్తులా నల్లమచ్చ పడుతుంది. ఫోనుకైతే ఇది మరీ అవసరం, ఎందుకంటే చాలా ఫోనుల్లో అపర్చర్ అసలు మారదు. ఫిల్టరు దొరకలేదా, పొద్దున్నే తియ్యి, సాయంత్రం తియ్యి, చెట్టు నీడలో తియ్యి. మిట్టమధ్యాహ్నం ఎవరి మొహమూ బాగుండదు, కళ్లు గుంటల్లా ఉంటాయి.

ఎఫ్ 1.4 లెన్స్ దొరికిందని మురిసిపోతున్నావు. పెట్టుకో, కానీ పూర్తిగా తెరవకు. అంత తెరిస్తే క్లోజప్‌లో కనురెప్ప ఫోకస్‌లో ఉండి చెవి ఉండదు, మనిషి ఊపిరి పీలిస్తే చాలు షాటు పోతుంది. ఫోకస్ లాగడమే పనిగా బతికినవాణ్ణి నేనే చెమటలు కక్కేవాణ్ణి. ఫోకస్ చూసుకునే మనిషి విడిగా లేనప్పుడు 2.8 నుంచి 4 మధ్య ఉండు. ఫోనైతే రెండు వేళ్లతో జూమ్ చేయడం మానేసి, అసలు లెన్స్ మీదే ఉండి నువ్వు ముందుకి నడు.

చేత్తో పట్టి తీస్తానన్నావు, సరే. కెమెరా పట్టీని మెడలో వేసుకుని, కెమెరాని ముందుకి తోసి పట్టీ బిగుసుకునేలా పట్టుకో, మోచేతులు డొక్కలకి ఆనించు. వణుకు బాగా తగ్గుతుంది. పాన్ చేస్తే, అంటే కెమెరాని పక్కకి తిప్పితే, మెల్లగా చెయ్. ఒక వస్తువు ఫ్రేము ఈ చివర నుంచి ఆ చివరికి చేరడానికి ఏడు సెకన్లు పడుతుందా అని లెక్కపెట్టు. వేగంగా తిప్పితే బొమ్మ అదురుతుంది, నిలువు గీతలు పక్కకి వాలతాయి.

ఇద్దరు మాట్లాడుకునే సీనుకి షాట్లు ఎలా విడగొట్టాలో పుస్తకాల్లో బోలెడంత ఉంది, లైన్ (ఇద్దరి మధ్య ఊహించుకునే గీత) దాటి కెమెరా అవతలి వైపుకి వెళ్లకూడదన్నది నీకు తెలుసు. నేను చెప్పేది చిన్నదే. యాక్షన్ అనడానికి ముందు అయిదు సెకన్లు, అయ్యాక అయిదు సెకన్లు రోల్ అవనివ్వు. నటులు మాట అయిపోయాక చూసే చూపు ఎడిటింగ్‌లో ప్రాణం పోస్తుంది. అలాగే ప్రతి సీనుకీ రెండు ఇన్సర్టులు తీసుకో: చేతులు, కప్పు, గోడ మీద గడియారం, ఏదో ఒకటి. సజెషన్ షాట్లో, అంటే ఒకరి భుజం మీదుగా రెండోవాళ్లని చూపే షాట్లో, భుజం ముందు షాటుతో కలవడం లేదని రాత్రి రెండింటికి తెలిసినప్పుడు ఆ కప్పే నిన్ను కాపాడుతుంది.

ఖర్చు పెట్టడానికి కొంచెం డబ్బు ఉందంటే అది మైకు మీద పెట్టు, లెన్స్ మీద కాదు. బొమ్మ కాస్త మసకగా ఉంటే ప్రేక్షకుడు అది కావాలని చేశారనుకుంటాడు, మాట వినపడకపోతే లేచిపోతాడు. మైకు ఎంత మంచిదన్న దానికంటే నోటికి ఎంత దగ్గరుందన్నది ముఖ్యం. కెమెరా మీద ఉన్న మైకుని పైలట్ ట్రాక్‌కే, అంటే అసలు సౌండ్‌ని తర్వాత కుదుర్చుకోవడానికి గుర్తుగా ఉండే సౌండ్‌కే, వాడు. ఇంకో ఫోనుని జేబులో పెట్టి దానికి కాలరు మైకు తగిలించినా నయమే. గదిలో ఫ్యాను ఆపు, ఫ్రిజ్ ఆపు. ఫ్రిజ్ ఆపినప్పుడు నీ బండి తాళాలు అందులో పెట్టు. తాళాలు లేనిదే ఇంటికి వెళ్లలేవు కాబట్టి ఫ్రిజ్ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవు. సౌండ్ వాళ్ల పాత చిట్కా ఇది. వెళ్లేముందు అందర్నీ నోరు మూసుకోమని ఖాళీ గది చప్పుడు అరనిమిషం రికార్డు చేసుకో.

చివరగా కార్డులు. సెకనుకి 100 మెగాబిట్ల లెక్కన తీస్తే గంటకి 45 జీబీ అవుతుంది, దాన్ని బట్టి ఎన్ని కార్డులు కావాలో చూసుకో. నిండిన కార్డు మీద రంగు టేపు అంటించు. రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేసి, రెండిట్లోనూ తెరిచి ఆడించి చూశాకే ఫార్మాట్. ఆ పని ఒక్కరికే అప్పజెప్పు. అలసిపోయి ఉన్న రాత్రి ‘నువ్వు చేశావనుకున్నా’ అనే మాట నేను ఒకసారి విన్నాను, ఇంకెప్పుడూ వినదలుచుకోలేదు.

ఈ ఆదివారం ఆ కిటికీ దగ్గర ఒక్క నిమిషం తీసి పంపు. కథ లేకపోయినా పర్లేదు, ఆ అబ్బాయి ఊరికే కూర్చుని బూట్ల తాడు కట్టుకుంటున్నా చాలు. చూసి ఫోన్ చేస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న

తా.క.: నువ్వు పంపిన రాత్రి టెస్టులో దీపాల చుట్టూ కలలో లాంటి పొగ వచ్చిందని, అదే నీ సినిమా లుక్ అని రాశావు. రెండుసార్లు చూశాను. అది లుక్ కాదమ్మా, లెన్స్ మీద నీ వేలిముద్ర. మెత్తటి గుడ్డతో తుడు.