లెన్సు ఒక్కటే, ఊళ్ళు మూడు

ప్రశ్న: సర్, నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. దసరా సెలవుల్లో కారులో గండికోట, లేపాక్షి, హంపి వెళ్తున్నాం. నా దగ్గర కెనాన్ 1500డి, దాంతోపాటు వచ్చిన 18–55 లెన్సు ఉన్నాయి. గుళ్ళ మీది శిల్పాలు దగ్గరగా తీసి క్లాసులో పిల్లలకు చూపించాలని నా కోరిక. మా ఆవిడేమో రెండో లెన్సు పెట్టిన బ్యాగు కనిపిస్తే కారెక్కనంటోంది. షాపులో టామ్రాన్ 18–400 కొనమంటున్నారు. మా తోడల్లుడు 50 ఎంఎం కొనుక్కో, చవక, ఫొటోలు బాగా వస్తాయి అంటాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక సోషల్ మాష్టారు, ఒంగోలు

జవాబు: మాష్టారూ, మీ ఆవిడ మాటే కరెక్టు. అది నాకు గండికోటలోనే తెలిసొచ్చింది. అనంతపురంలో స్టూడియో నడిపే రోజుల్లో రెండు లెన్సులు మెడలో వేసుకుని వెళ్ళాను. పెన్నా లోయ అంచున, గాలి విసిరి కొడుతుంటే, లెన్సు మార్చాను. రాత్రి కంప్యూటర్లో చూస్తే ఆకాశం నిండా నల్లచుక్కలు. మొదట గద్దలనుకున్నాను. ప్రతి ఫొటోలోనూ గద్ద అదే చోట ఎగరదు కదా! కెమెరా లోపల బొమ్మ పడే సెన్సర్ మీద దుమ్ము పడింది. లోయంతా స్పష్టంగా రావాలని ఎఫ్/16 పెట్టాను. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, అంటే అపర్చర్, చిన్నదవుతుంది. దాన్ని అంత చిన్నదిగా పెడితే దుమ్ము ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పెళ్ళి ఫొటోలో అయితే పూలదండల్లో కలిసిపోయేది, ఉత్త ఆకాశంలో ఎక్కడ దాక్కుంటుంది? అప్పటినుంచి ఊళ్ళు తిరిగేటప్పుడు కెమెరాకి తగిలించిన లెన్సు ఇంటికొచ్చేదాకా తియ్యను.

మీకు నేను చెప్పేది 18–135. ఈ అంకెలు లెన్సు ఫోకల్ లెంగ్త్, ఎంఎంలలో. అంకె చిన్నదైతే ఎక్కువ వెడల్పు పడుతుంది, పెద్దదైతే దూరంగా ఉన్నది దగ్గరగా వస్తుంది. కానీ కొనేముందు చిన్న పని చెయ్యండి. పోయినసారి టూర్లో తీసిన ఓ వంద ఫొటోలు కంప్యూటర్లో తెరిచి, వివరాల్లో ఫోకల్ లెంగ్త్ ఎంతుందో చూడండి. సగానికి సగం 55 దగ్గరే ఆగి ఉంటే, జూమ్ చాలక ఆగిపోయారని అర్థం. అన్నీ 18కీ 35కీ మధ్యే ఉంటే మీ పాత లెన్సు చాలు. ఆ డబ్బుతో హంపిలో ఇంకో రోజు ఉండండి.

తోడల్లుడు గారిని తీసిపారెయ్యను. పూర్తిగా జూమ్ చేసిన మీ పాత లెన్సు ఇచ్చే ఎఫ్/5.6తో పోలిస్తే ఆయన చెప్పే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు దాదాపు పది రెట్ల వెలుతురు లాగుతుంది. తూకం 160 గ్రాములే. ఇంట్లో పిల్లల్ని తియ్యడానికి అంతకంటే మంచి బేరం లేదు. కానీ దానికి జూమ్ లేదు, పైగా మీ కెమెరా సెన్సర్ చిన్నది, 22.3 మిల్లీమీటర్ల వెడల్పు. అందుకని ఫ్రేములో పట్టేది తక్కువ. లేపాక్షి నంది పొడవు 27 అడుగులు. దాన్ని పక్కనుంచి పూర్తిగా పట్టాలంటే 50తో మీరు 60 అడుగులు వెనక్కి నడవాలి. 18తో 22 అడుగులు చాలు. ఆ మిగతా 38 అడుగుల్లో సెలవు రోజున ఎన్ని కుటుంబాలు సెల్ఫీలు దిగుతుంటాయో మీరే ఊహించుకోండి. నంది దగ్గర నడవడానికి చోటైనా ఉంది. గుడి మండపంలో స్తంభాల మధ్య వెనక్కి నడిస్తే వీపుకి ఇంకో స్తంభం తగులుతుంది.

ఇక దూరం సంగతి. మీకు 30 అడుగుల దూరంలో పైన శిల్పం ఉందనుకుందాం. 55తో తీస్తే 12 అడుగుల వెడల్పు గోడ వస్తుంది, అందులో మీ శిల్పం ఎక్కడో వెతుక్కోవాలి. 135తో తీస్తే 5 అడుగులే వస్తుంది. చేతులు, ఆయుధాలు, కాలి కడియాలతో సహా విగ్రహమంతా ఉంటుంది. క్లాసులో చూపించడానికి కావలసింది అదే. 400కి తిప్పితే అడుగున్నర పైచిలుకు, అంటే దాదాపు ముఖం ఒక్కటే. ఆ ముఖం కోసం 710 గ్రాముల లెన్సు మొయ్యాలి. మీ కెమెరానే 475 గ్రాములు. అప్పుడు కెమెరాకి లెన్సు తగిలించినట్టుండదు, లెన్సుకి కెమెరా తగిలించినట్టుంటుంది. మీరు నేలపట్టు పక్షుల కోసం వెళ్తుంటే షాపువాళ్ళ మాటే వినమనేవాణ్ణి. రాతి నంది ఎగిరిపోదు. 18–135 అర కిలోకి అటూ ఇటూ ఉంటుంది. కారు దిగి రోజంతా మెడలో వేసుకున్నా ఫర్వాలేదు.

దీనికీ లోపం ఉంది, దాచను. లోపల చీకటిగా ఉన్నచోట ఇబ్బంది పెడుతుంది. లేపాక్షి మండపం పైకప్పు మీది విజయనగర కాలం రంగుల బొమ్మలకి లెన్సుని 18 వైపే ఉంచండి, అక్కడ ఎఫ్/3.5 దొరుకుతుంది. ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుతురులోనూ ఫొటో వచ్చేలా పెంచే సెట్టింగు, 1600 పెట్టి, స్తంభానికి ఆనుకుని, ఊపిరి బిగబట్టి, ఒకటికి నాలుగు తియ్యండి. లెన్సులో ఉన్న స్టెబిలైజర్ మీ చెయ్యి వణుకుని చాలావరకు సర్దుతుంది. బొమ్మ కదలదు కాబట్టి సరిపోతుంది. అదే మండపంలో పరిగెత్తే మీ పిల్లాణ్ణి మాత్రం అది ఆపలేదు, వాడు మసగ్గానే వస్తాడు. ఫ్లాష్ జోలికి వెళ్ళకండి. ఫొటో చప్పగా తెల్లబోతుంది.

హంపిలో సాయంత్రం హేమకూటం ఎక్కండి. 18లో విరూపాక్ష గోపురం, గుడి ప్రాకారం మొత్తం వస్తాయి. నిలబడ్డచోటు నుంచి కదలకుండా 135కి తిప్పితే గోపురం పై అంతస్తులే ఫ్రేము నిండా ఉంటాయి.

ఎస్‌టీఎం అనో యూఎస్‌ఎం అనో (ఇవి ఫోకస్ చేసే మోటారు రకాలు) రాసి ఉన్న 18–135 తీసుకోండి. పాత లెన్సుకి ముందు బిగించే ఫిల్టర్ అద్దం కొని ఉంటే ఇక్కడ పనికిరాదు. దాని ఫిల్టర్ వెడల్పు 58, దీనిది 67 ఎంఎం. సెకండ్ హ్యాండ్‌లో కొనేటట్టయితే ముందు లెన్సు పూర్తిగా బయటికి సాగదీసి కిందికి, పైకి వంచి చూడండి. తనంతట తనే జారుతుంటే వద్దు. తర్వాత వెనకనుంచి సెల్‌ఫోన్ టార్చ్ కొట్టి ముందునుంచి లోపలికి చూడండి. సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. సముద్రపు తేమ ఉన్న మీ ఒంగోలులో ఇది మామూలే. ఎంత చవకగా ఇస్తామన్నా తీసుకోకండి.