సైన్స్ ఫిక్షన్‌కి తెలుగు పేరు

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. భీమిలి బీచ్ రోడ్డు మునిగిపోయిన కాలంలో జరిగినట్టు ఒక కథ రాసి కాలేజీ పోటీకి ఇచ్చాను. పైన ‘శాస్త్రీయ కల్పన’ అని రాస్తే, తీసుకున్న మాస్టారు ‘శాస్త్రీయం అంటే సంగీతం గురించేమో అనుకున్నానమ్మా’ అన్నారు. నాన్న సైన్స్ ఫిక్షన్ అని రాసెయ్యమంటున్నారు. ఏది సరైనది? వేరే భాషలవాళ్లు ఏమంటారు?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: నా ఓటు మీ నాన్నగారికే. మాస్టారికి వచ్చిన అనుమానంలో తప్పేమీ లేదు. మనకు శాస్త్రం అంటే సైన్స్ ఒక్కటే కాదు, జ్యోతిషమూ శాస్త్రమే, వాస్తూ శాస్త్రమే. శాస్త్రీయం అనగానే చెవికి సంగీతమో నృత్యమో తగులుతుంది. ఇక కల్పన. ‘లేనిపోనివి కల్పించి చెప్పకు’ అని ఇంట్లో ఎన్నిసార్లు వినుంటారు! రెండూ మంచి మాటలే, కానీ పక్కపక్కన పెడితే మీరు అనుకున్నది కాక ఇంకేదో వినిపిస్తుంది. ‘వైజ్ఞానిక కల్పన’ కొంత నయం, వ్యాసాల్లో బాగానే ఉంటుంది, కథ మీద పెడితే పాఠ్యపుస్తకం వాసన వస్తుంది.

ఇంగ్లిష్‌లోనూ ఈ మాట ఒక్కరోజులో కుదురుకోలేదు. 1851లో విలియం విల్సన్ అనే ఆయన వాడారు గానీ ఎవరూ పట్టించుకోలేదు. 1926లో అమెరికాలో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ ఇలాంటి కథల కోసమే పత్రిక పెట్టి, రెండు మాటలూ కలిపి ‘సైంటిఫిక్షన్’ అన్నాడు. పలకడానికే కష్టం కదా, మూడేళ్లకి తనే వేరే పత్రికలో ‘సైన్స్ ఫిక్షన్’కి మారాడు, అదే నిలబడింది. ఫ్రెంచివాళ్లు దాన్ని ఉన్నదున్నట్టే తీసుకున్నారు, తమ భాషలో విశేషణం సాధారణంగా వెనకొస్తుందని తెలిసి కూడా. జపాన్‌లో పొడి అక్షరాలతో ‘ఎస్‌ఎఫ్’ అంటే చాలు.

రష్యన్‌లో ‘నవూచ్నయ ఫంతాస్తిక’. అక్కడ అసలు పదం ఫంతాస్తిక, ముందున్నది ‘సైన్సుకి సంబంధించిన’ అని చెప్పే విశేషణం. అది తీసేస్తే మిగిలే ఫంతాస్తికలో రాకెట్లూ మంత్రగాళ్లూ అందరూ ఉంటారు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది బెంగాలీ మాట. 1963లో ‘ఆశ్చర్య’ పత్రిక మొదలుపెట్టిన అద్రీశ్ బర్ధన్ ‘కల్పవిజ్ఞాన్’ అన్నారు. వాళ్లు కల్పని ముందుకి తెచ్చారు, దాంతో అర్థం బరువంతా విజ్ఞానం మీద పడింది. మన ‘విజ్ఞాన కల్పన’లో అది కల్పన మీద పడుతుంది. ఉన్న రెండు మాటలే, చోటు మారితే ఎంత తేడా! ఆ మాట అక్కడ బతకడానికి నెలనెలా కథలేసిన పత్రికలూ, ఎదురుచూసి చదివినవాళ్లూ ఉన్నారు. మనకీ ఒక మాట రావాలని నాకూ ఉంది, దానికోసం ముందు మీ కథ ఆపకండి.

ప్రశ్న: సబ్‌మెరైన్ ఇప్పుడు నిజంగానే ఉంది కదా, మరి జూల్ వెర్న్ నవలని ఇంకా సైన్స్ ఫిక్షన్ అనొచ్చా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: అనొచ్చు. అసలు ఫ్రెంచి రచయిత వెర్న్ ఆ మాట వాడనే లేదు, ఆయన నవలల వరుస పేరు ‘అసాధారణ యాత్రలు’. సబ్‌మెరైన్‌లో సముద్రగర్భమంతా తిరిగే ఆ నవల, ‘ట్వెంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ’, పత్రికలో మొదలైంది 1869లో, మన విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసుర సబ్‌మెరైన్ నౌకాదళంలో చేరింది 1969లో. సరిగ్గా వందేళ్లు! కురుసుర లోపలికి వెళ్లారా? 91 మీటర్ల పొడవున్నా, గుండ్రటి తలుపుల్లోంచి నడుం వంచి దూరాలి, ఎటు చూసినా పైపులూ వాల్వులూ, వాటి పక్కనే ఒకదాని మీద ఒకటి బెర్తులు. వెర్న్ ఊహించిన సబ్‌మెరైన్ నాటిలస్‌లోనేమో పన్నెండు వేల పుస్తకాల లైబ్రరీ, వాయించుకోవడానికి పెద్ద ఆర్గాన్ కూడా ఉన్నాయి. నీళ్ల కింద తిరగడం నిజమైంది గానీ, ఆ తీరుబడి మాత్రం ఇంకా కథలోనే ఉంది. ఈసారి బీచ్‌కి వెళ్లినప్పుడు ముందు ఆ నవలలో లైబ్రరీ వర్ణన చదివి, ఆ తర్వాత టికెట్ తీసుకోండి.