షెడ్డులో చిక్కుకున్న నాన్నగారి జిప్సీ

ప్రశ్న: మాది ఏలూరు. మా నాన్నగారు కొల్లేరు వైపు చేపల చెరువుల గట్ల మీద ఏళ్ల తరబడి తిప్పిన మారుతి జిప్సీ కింగ్ ఒకటి ఉంది. 2003 మోడల్, పెట్రోలు, ఫోర్ వీల్ డ్రైవ్. ఆర్సీ గడువు 2018లోనే అయిపోయింది. నాన్నగారు 2021లో పోయారు, బండి ఇంకా ఆయన పేరు మీదే ఉంది. జ్ఞాపకంగా ఉంచుకుందామని విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకిచ్చాను. టింకరింగు, పెయింటింగు, ఇంజిన్ పని, ఫోర్ వీల్ పని అన్నీ కలిపి 1,80,000 అని నోటిమాటగా ఒప్పుకున్నాడు. ఫోన్‌పేలో విడతలుగా 1,50,000 ఇచ్చాను. 14 నెలలయ్యాక ఇప్పుడు ఇంకో 1,10,000 ఇస్తేనే బండి కదులుతుందంటున్నాడు. రోజుకు 200 చొప్పున పార్కింగు అద్దె కూడా అడుగుతున్నాడు. వెళ్లి చూస్తే ఇంజిన్ నంబరు ఆర్సీలో ఉన్నది కాదు. ‘పాతది బోరుకొచ్చింది, ఎస్టీమ్ కారు ఇంజిన్ వేశాను’ అన్నాడు. ఫోర్ వీల్ లీవరు వేసినా ముందు చక్రాలు లాగడం లేదు. పోలీసు కేసు పెట్టాలా? నలుగురిని తీసుకెళ్లి బండి తెచ్చేసుకోవచ్చా?

జవాబు: ఆఖరి ప్రశ్నకు ముందు చెబుతాను. తెచ్చుకోవద్దు. బండి మీదే కావచ్చు, కానీ పని చేసినవాడికి కూలి ముట్టేదాకా వస్తువును తన దగ్గర ఉంచుకునే హక్కు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇచ్చింది. ఆ సెక్షన్ కిందే రెండు ఉదాహరణలున్నాయి. సానబట్టమని వజ్రం ఇస్తే, కూలి ఇచ్చేదాకా నగల పనివాడు దాన్ని ఉంచుకోవచ్చు. అదే దర్జీ, కోటు కుట్టిన వెంటనే ఇచ్చేస్తాననీ మూడు నెలలు అప్పు పెడతాననీ ఒప్పుకుంటే, డబ్బు కోసం కోటు ఆపడానికి వీల్లేదు. మీ బేరం ఈ రెండింటిలో ఏదో మీ వాట్సాప్‌లో వెతకండి. ‘బండి తీసుకెళ్లాక మిగతాది ఇవ్వండి సార్’ అని అతను ఎక్కడైనా రాసినా, వాయిస్ మెసేజ్‌లో అన్నా, మీరు దర్జీ ఉదాహరణలోకి వస్తారు. ఆ ఫోను అమ్మకండి, మార్చకండి. ఆ మెసేజ్‌లు సాక్ష్యంగా నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జత చేయాలి.

అతని హక్కు కూడా చేసిన పని వరకే. పార్కింగు అద్దె ముందుగా మాట్లాడుకోకపోతే దాని కోసం బండి ఆపలేడు. మీకూ అతనికీ మధ్య ఇంకో బండి పాత బాకీ ఏదైనా ఉన్నా, దానికీ ఈ బండి ఆపకూడదు. అలాంటి విస్తృత హక్కు 171వ సెక్షన్ బ్యాంకుల్లాంటి కొందరికే ఇచ్చింది, మెకానిక్కులకు కాదు. ఒప్పుకున్న మొత్తంలో బాకీ 30,000. మిగిలిన 80,000 మీకు చెప్పకుండా చేసిన పనిది. ‘పని వల్ల లాభం పొందారు కాబట్టి ఇవ్వాలి’ అని 70వ సెక్షన్ పట్టుకుని అతని వకీలు వాదించవచ్చు. అడగని ఇంజిన్ తెచ్చి తగిలించినవాడికి ఆ వాదన అంత తేలిగ్గా నిలబడుతుందని నేననుకోను.

డబ్బు గొడవ కంటే నన్ను కలవరపెట్టింది ఇంజిన్ నంబరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అనుమతి లేకుండా ఇంజిన్ మారితే 14 రోజుల్లో రిజిస్టరింగ్ అథారిటీకి చెప్పాలి. నిబంధనలు ఒప్పుకోని మార్పు చేస్తే 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఆ సెక్షన్ వేలు చూపించేది యజమాని వైపు. అంటే మార్చింది అతను, జవాబు చెప్పుకోవలసింది మీరు.

ఇందులో మీకు కలిసొచ్చేది ఒకటుంది. జిప్సీ కింగ్‌లోనూ ఎస్టీమ్‌లోనూ ఉన్నది ఒకే కుటుంబం ఇంజిన్: మారుతిదే, పెట్రోలే, 1298 సీసీ. డీజిల్ ఇంజిన్ వేసి ఉంటే నేను ఈ పేరా రాసేవాణ్ణి కాదు, విప్పించేయమనేవాణ్ణి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు 52వ సెక్షన్‌ను గట్టిగా చెప్పినప్పటి నుంచి బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు కూడా మార్పుల విషయంలో ఊరుకోవడం లేదు. ఒకే కంపెనీ, ఒకే ఇంధనం, ఒకే సామర్థ్యం ఉన్న ఇంజిన్‌కైతే ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోమని అడగడానికి దారుంది. కానీ ఆ ఇంజిన్ ఏ బండిది? ఆ బండి ఆర్సీ కాపీ, అమ్మిన రసీదు, షెడ్డు బిల్లు ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. ‘పాత సామాన్ల కొట్లో కొన్నా’ అంటూ చేతులు తిప్పితే ఆ ఇంజిన్ వద్దే వద్దు. అది దొంగ బండిదని తేలితే, తెలిసీ ఉంచుకున్నారన్న అనుమానం (భారతీయ న్యాయ సంహిత, 317వ సెక్షన్) మీ గుమ్మం దాకా వస్తుంది.

అన్నిటికంటే శుభ్రమైన పని మరొకటుంది: నాన్నగారి పాత ఇంజిన్ ఎక్కడుందో అడగండి. విప్పి తీసిన సామాను మీ ఆస్తి. అది షెడ్డు మూల పడి ఉంటే బోరు చేయించి మళ్లీ ఎక్కించమనండి, కాగితాల తలనొప్పి సగం పోతుంది. మీకు చెప్పకుండా అమ్మేసి ఉంటే అది నమ్మకద్రోహం, సంహిత 316వ సెక్షన్. పోలీసు స్టేషన్‌కు వెళ్లాల్సింది అప్పుడే. ‘బండి ఆపాడు, డబ్బు ఎక్కువ అడిగాడు’ అని వెళ్తే మాత్రం ఇది సివిల్ గొడవని వెనక్కి పంపుతారు. అందులో తప్పూ లేదు.

ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు పల్చటి కాగితం, మెత్తటి పెన్సిలు తీసుకెళ్లండి. ఛాసిస్ మీద చెక్కిన నంబరు తుడిచి, కాగితం ఆనించి, పెన్సిలు పక్కవాటంగా రుద్దండి. అంకెలు తెల్లగా లేస్తాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు అడిగేదీ ఈ అచ్చే. ఇంజిన్ మీదా అలాగే తీయండి. చెరువు గట్ల మీద తిరిగిన బండి కాబట్టి ఛాసిస్ తుప్పు పట్టి ఉంటుంది. టింకరింగులో ఆ అంకెల మీద గ్రైండరు పడి ఉంటే ఇంజిన్ సంగతి మర్చిపోండి, ముందు దాని గురించి నాకు మళ్లీ రాయండి.

ఫోర్ వీల్ విషయంలో తొందరపడి నోటీసులో ‘ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) పాడు చేశాడు’ అని రాయకండి. ముందు చక్రాలను ఇరుసుకు కలిపే హబ్బులు లాక్ కాకపోతే లోపల అంతా బాగున్నా ముందు చక్రాలకు బలం అందదు. తప్పు హబ్బులదా, ట్రాన్స్‌ఫర్ కేస్‌దా, అసలు విప్పనేలేదా అన్నది వేరే సర్వీస్ సెంటరు మనిషితో చూపించి రాతపూర్వకంగా తీసుకోండి. వినియోగదారుల కమిషన్‌లో మీ మాట కంటే ఆ కాగితానికే బరువెక్కువ.

నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. అందులో 30,000 ఇవ్వడానికి సిద్ధమని స్పష్టంగా రాయండి. అలా రాసినవాడి మీద ‘డబ్బు ఎగ్గొట్టాడు’ అనే మాట అతకదు. పదిహేను రోజుల్లో కదలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఏలూరు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. షెడ్డు విజయవాడలో ఉన్నా సరే, మీరు నివసించే చోట వేసుకునే వీలు ఈ చట్టంలో ఉంది. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. అతను బండి ఇవ్వనన్న రోజు నుంచి రెండేళ్లు గడువు. ఫిర్యాదుతో పాటే 38(8) సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు అడగండి: వివాదంలో ఉన్న డబ్బు కమిషన్‌లో జమ చేస్తాను, బండి ఇప్పించండి అని. వానాకాలం ముందు బండి బయటికి రావాలంటే నాకు తెలిసిన దగ్గరి దారి అదే.

ఇక ఆర్సీ. యజమాని పోయాక 30 రోజుల్లో తెలియజేసి, బండిని వారసుల పేరుకు మార్చమని మూడు నెలల్లో ఫారం 31 పెట్టాలి. గడువు దాటిందని వదిలేయనక్కర్లేదు, ఆలస్యపు రుసుము కట్టాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, అమ్మగారివీ తోబుట్టువులవీ అభ్యంతరం లేదన్న పత్రాలు సిద్ధం చేసుకోండి. ఆర్సీ రెన్యువల్‌కు ఫారం 25. మంజూరైతే ఐదేళ్లకు ఇస్తారు. 20 ఏళ్లు దాటిన తేలికపాటి వాహనానికి 2025 ఆగస్టు నుంచి రుసుము 10,000. దానిపైన నెలకు 500 ఆలస్యపు రుసుము, హరిత పన్ను. పాత బండ్లకు ఢిల్లీలో పెట్టిన వయసు నిషేధం మనకూ ఉందని ఎవరో భయపెట్టే ఉంటారు. అది ఆ ప్రాంతానికి సంబంధించినది.

బండి చేతికొచ్చాక విజయవాడ నుంచి ఏలూరుకు నడుపుకుంటూ రావాలని మనసు లాగుతుంది. లాగినా సరే, టోయింగ్ బండి మీద ఎక్కించండి. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కితే మొదటిసారికే 2,000 నుంచి 5,000 జరిమానా. దాని కంటే పెద్ద సంగతి, రిజిస్ట్రేషన్ చెల్లని బండి రోడ్డు మీద దెబ్బతింటే ఆ నష్టం బీమా కంపెనీ ఇవ్వక్కర్లేదని 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది.