ఆ కాస్త ఎడం

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. ఈ మధ్య చదివినవాటిలో నీకు నచ్చిన మూడింటిని నలుగురికీ చెప్పాలనుకున్నావు: మనుషుల స్వభావాల మీద ఒక పుస్తకం, సాహస చిత్రాల మీద కొన్ని వ్యాసాలు, అచ్చు అక్షరాల మీద ఇంకో పుస్తకం. ఇన్ని దిక్కులకు చూపు సారించే కుర్రాడు నాకు ఉత్తరం రాయడమే సంతోషం. కానీ నీ వ్యాసం ముగించాక ఆ మూడింటిలో ఏదీ తెప్పించుకోవాలని నాకు అనిపించలేదు. ఎందుకో చెబుతాను, మనసు కష్టపెట్టుకోకు.

"ఎంతో ఆసక్తికరం", "కొత్త కోణం చూపిస్తుంది", "ప్రతి ఒక్కరూ తప్పక చదవాలి". ఈ మాటలు మూడు చోట్లా ఉన్నాయి. ఒకదాని పేరు తీసి ఇంకోదాని పేరు పెట్టి చదివి చూశాను. చక్కగా సరిపోయింది.

స్వభావాల గురించి చదివావు కాబట్టి ఫోరర్ ప్రయోగం నీకు తగిలే ఉంటుంది. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజిస్టు తన క్లాసులో 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టాడు. వారం తర్వాత ఒక్కొక్కరి చేతిలో 'ఇదీ నీ స్వభావం' అంటూ ఓ కాగితం పెట్టి, ఎంత బాగా సరిపోయిందో 5కి మార్కులు వెయ్యమన్నాడు. సగటున 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. అందులో మాటలు బజార్లో దొరికే జాతకాల పుస్తకంలోంచి ఏరినవి. నలుగురూ నిన్ను మెచ్చుకోవాలని నీకుంటుంది, నీ తప్పులు నువ్వే ఎక్కువ ఎంచుకుంటావు, ఇలాంటివి. ఎవరికి కాదు చెప్పు?

నీ వాక్యాలు ఆ కాగితం లాంటివి. ఏ పుస్తకానికైనా అతుకుతాయి, అందుకే ఏ పుస్తకం గురించీ ఏమీ చెప్పవు. ఆ పుస్తకానికి తప్ప ఇంక దేనికీ అతకని వాక్యం ఒక్కటి కావాలి. నేను ఇన్నేళ్ళుగా వెతుక్కునేది అదే.

అన్నట్టు, 'నేను ఇంట్రావర్ట్‌ని' అని నీ గురించి ఒక మాట రాశావు, అది తీసెయ్. ఇవాళ పరిశోధకులు ఎక్కువగా వాడే ఐదు లక్షణాల పద్ధతిలో మనుషుల్ని గదుల్లో పెట్టి తాళం వెయ్యరు, ఏ లక్షణం ఏ పాళ్ళలో ఉందో చూస్తారు. చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో పందిట్లో ఉండలేక వంటవాళ్ళ దగ్గరికెళ్ళి కూర్చునేవాణ్ణని మొన్న ఫోన్‌లో చెప్పావే, అది రాయి.

పాతాళ భైరవి గురించి 'అద్భుతమైన సాహస చిత్రం, ఆ రోజుల్లోనే గొప్ప ట్రిక్కులు' అన్నావు. 1951 నాటి సినిమా, మార్కస్ బార్ట్లే కెమెరా, ట్రిక్కులు బాగుంటాయి, నిజమే. కానీ ఒక్కసారి ఇటు చూడు. తోట రాముడు తోటమాలి కొడుకు. రాకుమారి కావాలంటే నాతో సమానంగా సంపద తెమ్మంటాడు రాజు. అవతల నేపాళ మాంత్రికుడికి అమ్మవారికి బలి ఇవ్వడానికి మనిషి కావాలి. పిరికివాడు పనికిరాడు, గుండె ధైర్యం ఉన్నవాడే కావాలి. అంటే రాముడిలోని సాహసమే వాణ్ణి నేరుగా బలిపీఠం దగ్గరికి నడిపించింది. శాపం తీరిన మొసలి చెప్పేదాకా ఆ సంగతి వాడికి తెలియదు. మనిషిలో అందరూ మెచ్చే గుణమే వాడికి ప్రాణం మీదికి తేవడం చూశావా? ఇది పట్టుకుని ఉంటే నీ మొదటి పేరా, రెండో పేరా ఒకదానిలోకి ఒకటి అల్లుకుపోయేవి.

అక్షరాల గురించి నాలుగే వాక్యాలు రాశావు. నాకు అన్నిటికంటే బాధ అక్కడే కలిగింది.

నా మొదటి కథ సీసపు అక్షరాలు పేర్చే కాలంలో అచ్చయింది. అందులో ఒక ముసలమ్మ తన కొడుకును చంపినవాడి గుమ్మం ముందు నుంచి నడిచి వెళ్తుంది. 'ఆమె కళ్ళలో పగ' అని రాశాను. పత్రిక వచ్చింది. 'ఆమె కళ్ళలో వగ' అని ఉంది. నా మాట ఎవరో మార్చేశారని ఏడ్చాను. నాన్నగారు భూతద్దం తెచ్చి ఆ అక్షరం మీద పెట్టారు. ఎవరూ మార్చలేదు. 'ప'కి తలకట్టు ఒంటికి ఆనకుండా కాస్త ఎడంగా నిలబడుతుంది, 'వ'కి అతుక్కుని ఉంటుంది. అరిగిన టైపు, ఎక్కువైన సిరా. ఆ వెంట్రుకవాసి ఎడం పూడిపోయింది. తర్వాత ఇద్దరు పాఠకులు ఉత్తరాలు రాశారు, కడుపుకోతను దిగమింగుకున్న తల్లిని ఎంత బాగా చూపించారమ్మా అని. మనిషి స్వభావం మొత్తం ఆ ఎడంలో ఉంది, తమ్ముడూ.

సీసం పోయింది, ఎడం పోలేదు. మందపాటి ఫాంటులో చిన్న సైజు పెట్టి ఫోన్‌లో చూడు, 'ప' మళ్ళీ 'వ' అయిపోతుంది. 'స్త్రీ', 'రాష్ట్రం' రాసి చూడు. ఒత్తులు ఎంత కిందికి దిగుతాయో, ఇంగ్లీషుకు సరిపోయే చోటు వదిలితే కింది వరుసలోని గుడిదీర్ఘాన్ని ఎలా గుద్దుకుంటాయో తెలుస్తుంది. 'సాఫ్ట్‌వేర్' అని టైపు చేసేటప్పుడు 'ట్' తర్వాత కంటికి కనిపించని, వెడల్పే లేని ఒక గుర్తు పెట్టకపోతే 'వ' కూడా 'ట'తో పాటు 'ఫ' కింద ఒత్తుగా చేరిపోతుంది. నువ్వు రోజూ ఫోన్‌లో టైపు చేసేవాడివి. ఇవన్నీ నాకంటే నీకే ఎక్కువ ఎదురై ఉంటాయి. ఒక్కటీ రాయలేదేం?

పుస్తకం ముగించిన రోజే దాని గురించి రాయకు. రెండు రోజులు ఆగు. అప్పటికి ఏ ముక్క నీ వెంట వస్తోందో దానితో మొదలుపెట్టు. వెనక అట్ట మీద ఉన్నది ఎలాగూ అట్ట మీద ఉంది. నచ్చని చోటు ఉంటే నచ్చలేదని రాయి, అప్పుడే నచ్చిందన్నది నమ్ముతారు.

వ్యాసం మళ్ళీ రాసి పంపు. మూడూ ఉండాలని లేదు, ఒక్కటైనా చాలు. ఆ అక్షరాల పుస్తకంలో ఏ పేజీ దగ్గర చదవడం ఆపేసి ఆలోచనలో పడ్డావో ఆ పేజీ నంబరు కూడా రాయి, పుస్తకం తెప్పించుకుని ముందు అదే తీస్తాను. ఈసారి మెయిల్ వద్దు, ప్రింటు తీసి పోస్టులో పంపు. కవరు అంటించే ముందు 'ప'లన్నీ ఒకసారి చూసుకో.

నీ అక్క