పాట మా బిడ్డది, పాడింది యాప్: ఇక డిగ్రీ వద్దంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది కల్వకుర్తి. టైలరింగ్ షాపు నడుపుతాను. మా బిడ్డ ఇంటర్ సెకండియర్, సీఈసీ. చిన్నప్పటి నుంచి పాటలు రాస్తది, కానీ తన గొంతు బాగుండదని ఎవరి ముందూ పాడదు. ఇప్పుడు రాసింది ఏఐ యాప్‌కి ఇస్తే అది పాడి పెడుతోంది. మా అమ్మ బొంబాయికి మట్టిపనికి పోయిన సంగతి మీద రాసిన పాటకు యూట్యూబ్‌లో 38 వేల వ్యూస్ వచ్చినయి. ఇదే చేస్తా, డిగ్రీ చదవనంటోంది. నాకేమో బీకాం చేయించాలని ఉంది. అసలు ఆ పాట మీద హక్కు ఎవరిది సార్?

జవాబు: పాట విన్నాను. మీరు పంపిన నోటుబుక్కు ఫొటోతో పక్కపక్కన పెట్టుకుని మళ్లీ విన్నాను. రెండో చరణంలో ‘మొగులైంది’ అన్న మాటను కొట్టేసి పైన ‘మబ్బేసింది’ అని రాసి ఉంది. ఎందుకమ్మా అని ఫోన్‌లో అడిగితే నవ్వింది. యాప్ ‘మొగులు’ని ‘మొఘలు’ అని పాడిందట. నాలుగుసార్లు ప్రయత్నించినా మారలేదట. నానమ్మ పాటలోకి ఢిల్లీ పాదుషాలు వస్తున్నారని మాటే మార్చేసిందట.

డిగ్రీ మానేస్తానన్న దానికంటే నన్ను టెన్షన్ పెట్టింది ఆ కొట్టివేతే. ఆ యాప్ గొంతు మీ అమ్మాయికి ఎంత అందుబాటులో ఉందో, అచ్చంపేటలో ఇంకో పిల్లకూ, వైజాగ్‌లో ఇంకొకరికీ అంతే అందుబాటులో ఉంది. మీ బిడ్డ దగ్గర మాత్రమే ఉన్నది ఆ మొగులు, నానమ్మ తట్ట, ఊరొదిలిన రాత్రి బస్సు. యాప్‌కి నోరు తిరగలేదని వాటిని ఒక్కొక్కటే తీసేస్తూ పోతే ఆఖరుకి ఆ పాట ఎవరు రాసినా ఒకటే అవుతుంది. మాట యాప్ నోట పలక్కపోతే పదం విరిచి, స్పెల్లింగ్ మార్చి ఇచ్చి చూడాలి. అయినా పలక్కపోతే ఆ ఒక్క లైను మీ వీధిలో బతుకమ్మ పాట ఎత్తుకునే ఆవిడతో పాడించి రికార్డు చేయండి. అమ్మాయే పాడినా తప్పులేదు. ట్యూన్ వినిపించడానికి రచయితకు మంచి గొంతు అక్కర్లేదు, తాళం తప్పకపోతే చాలు.

ఇక హక్కుల సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట కాగితం మీద పడ్డ క్షణం నుంచే సాహిత్యం, అంటే పాటలోని మాటలు, రాసినవాళ్లవే. జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కాకపోతే సాహిత్యానికి ఫీజు 500 రూపాయలే కాబట్టి మంచి పాటలు రెండు మూడు చేయించి పెట్టుకోండి. ఆ నోటుబుక్కు మాత్రం పారేయొద్దు, కొట్టివేతలతో సహా. తనే రాసిందనడానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

ఆడియో వేరే కథ. అమ్మాయి వాడింది సునో అనే ఏఐ పాటల యాప్‌లో ఫ్రీ ప్లాన్. దాని నిబంధనల ప్రకారం ఫ్రీగా చేయించిన ఆడియో కంపెనీదే. సరదాకి వాడుకోవచ్చు, దాని మీద డబ్బు చేసుకోకూడదు. సాహిత్యం మాత్రం మీ అమ్మాయిదే. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి పాట పెట్టే ముందు చదువుకోమనండి. యూట్యూబ్ కూడా 2025 జులై నుంచి మూసలో పోసినట్టు తయారుచేసి వదిలే వీడియోలకు డబ్బులివ్వమని గట్టిగా చెబుతోంది. రోజుకో ఏఐ పాట పెట్టే చానెల్ ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోవడం మంచిది.

పేరున్న గాయకుల గొంతుతో చేద్దామని స్నేహితులెవరైనా ఎక్కిస్తే అస్సలు వద్దు. అర్జిత్ సింగ్ గొంతును ఏఐతో అనుకరిస్తున్న సంస్థలను బొంబాయి హైకోర్టు 2024లో ఆపింది. అదే ఏడాది రెహమాన్ చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడుకున్నప్పుడు వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకుని, డబ్బు కూడా ఇచ్చారు.

అన్నం పెడుతుందా అంటే, ఇప్పుడప్పుడే పెట్టదు. మన వైపు నుంచి వెళ్లినవాళ్లనే చూడండి. సుద్దాల అశోక్ తేజ సినిమాల్లోకి రాకముందు టీచరు. గోరటి వెంకన్న సహకార శాఖలో ఉద్యోగం చేస్తూనే పాట కట్టారు. ఒకరికి జాతీయ అవార్డు, ఇంకొకరికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చాయి. నెల జీతం వాళ్ల పాటకేమీ అడ్డం రాలేదు.

కాబట్టి డిగ్రీ చదవాలి. మీరనుకున్న బీకాం చెడ్డదేం కాదు. లెక్కలు తెలిసిన రచయిత అగ్రిమెంట్ పూర్తిగా చదివి సంతకం పెడుతుంది. నేను అగ్రిమెంట్ మాట ఊరికే ఎత్తలేదు. జానపదం చానెళ్ల వాళ్లు పాటకింత అని చేతిలో పెట్టి, ‘సర్వహక్కులూ మావే’ అన్న కాగితం మీద సంతకం పెట్టించుకోవడం నేను చూశాను. 2012లో చట్టం మార్చాక, పాట అమ్మేసినా రచయితకు రాయల్టీలో వాటా పోదు. అది వద్దని రాసిచ్చినా చెల్లదు. రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్‌ఎస్ అనే సొసైటీ ముంబైలో ఉంది. పాటలు బయటికొచ్చాక అందులో సభ్యత్వం తీసుకోవచ్చు.

నా ఓటు మాత్రం తెలుగు సాహిత్యం ఒక సబ్జెక్టుగా ఉన్న బీఏకి. తర్వాత ఎంఏ తెలుగుకి హైదరాబాద్‌లో తెలుగు విశ్వవిద్యాలయం ఉంది. దానికిప్పుడు మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరే పెట్టారు. తెలంగాణలో కవులే లేరన్నవాళ్లకు 1934లో 354 మంది కవుల సంచిక అచ్చేసి చూపించిన మనిషి ఆయన.

ఈ మూడేళ్లూ నెలకు రెండు పాటలు రాయమనండి. ఒకటి తనకు తోచినట్టు, ఇంకొకటి ఎవరైనా ఇచ్చిన ట్యూన్‌కి. సినిమా పనంతా రెండో రకమే, ఆ అలవాటు యాప్‌తో రాదు. దోస్త్‌లో, అంటే తెలంగాణ డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్‌లో, వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు మాత్రం ఇద్దరూ కలిసి కూర్చోండి. బీకాం, బీఏ రెండూ పెట్టండి, ఏది ముందుండాలో ఆమెను తేల్చుకోనివ్వండి.