వంద కౌంట్ ఒకటి ఎలా అయ్యింది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం లెక్కలు, గణాంకాలు వేసే ఆర్ అనే కంప్యూటర్ భాష గురించే. చెరువు లెక్కలు, వరద లెక్కలు, కొబ్బరి తోట లెక్కలు మన డెల్టా పిల్లలు ఆర్‌లో వేసుకుంటున్నారంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది, అందుకే ఈ నెల జాగా మొత్తం దీనికే ఇస్తున్నాను. కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో వేస్తున్నాం, మీరు మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి. ఆర్‌కి చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడా ఉంటుంది. యాజ్.డేట్ అని కొట్టేటప్పుడు డి పెద్దది పడకపోతే అలాంటి ఫంక్షనే లేదంటుంది.

ప్రశ్న: మాస్టారూ, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్నగారి రొయ్యల చెరువుల నాలుగేళ్ల పట్టుబడి లెక్కలు ఆర్‌లోకి ఎక్కించాను. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) కాలమ్‌కి మీన్, అంటే సగటు, అడిగితే ఎన్ఏ (విలువ తెలియదు) అంది. ఇది నంబరు కాదేమో అనుకుని, నంబరుగా మార్చే యాజ్.న్యూమరిక్ పెట్టి మళ్లీ అడిగితే 3.8 వచ్చింది. మా చెరువుల్లో 30 కంటే తక్కువ కౌంట్ ఎప్పుడూ పట్టలేదు, 3.8 ఎక్కడినుంచి వచ్చింది? కాలేజీ ల్యాబ్‌లో పాత ఆర్ 3.6 ఉంది.
*డిగ్రీ విద్యార్థిని*

జవాబు: అమ్మా, 3.8 చూసి ఆగావు, అదే మంచి పని. అది 3.8 కాకుండా 52 అయ్యుంటే నమ్మేసేదానివి, నాన్నగారు కూడా నమ్మేసేవారు.

నువ్వు పంపిన ఫైల్ తెరిచి చూశాను. కౌంట్ కాలమ్‌లో అన్నీ అంకెలే, ఏదో వైరస్ తగిలి పట్టుబడి లేకుండా పోయిన పంటల దగ్గర మాత్రం ఎవరో ఇంగ్లీషులో నిల్ అని రాశారు. ఫైల్ చదివేటప్పుడు ఆర్ ఒక కాలమ్‌కి ఒకే రకం ఇస్తుంది. వెయ్యి అంకెల మధ్య ఒక్క మాట కనిపించినా కాలమ్ మొత్తాన్ని అక్షరాలుగా తీసుకుంటుంది. పాత ఆర్ అక్కడితో ఆగదు, ఆ అక్షరాలను ఫ్యాక్టర్‌గా మార్చేస్తుంది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 4.0.0 నుంచి ఈ అలవాటు మానేసింది, మీ ల్యాబ్‌లో ఉన్నది దానికి ముందుది.

ఫ్యాక్టర్ అంటే ఏమిటో ఒక్కసారి మనసుకి పడితే జీవితాంతం మర్చిపోవు. రైస్ మిల్లుకి బస్తాలు దింపినప్పుడు ఒక్కో రకానికి ఒక్కో సీరియల్ నంబరు వేసి, ఏ నంబరు ఏ రకమో పక్కన పుస్తకంలో రాసుకుంటారు చూడు, అదీ ఫ్యాక్టర్. బస్తా మీద 4 అని ఉందంటే బరువు నాలుగు కిలోలని కాదు కదా. ఆర్ కూడా లోపల 1, 2, 3 అని సీరియల్ నంబర్లే దాచుకుంటుంది, అసలు పేర్లు లెవెల్స్ అనే పట్టీలో ఉంచుకుంటుంది. తెరమీద మనకి చూపించేటప్పుడు మాత్రం పట్టీ చూసి 30, 40, 100 అని చూపిస్తుంది కాబట్టి అవి అంకెలే అనుకుంటాం.

ఇప్పుడు ఆ పట్టీ ఏ వరసలో తయారవుతుందో చూడు. అవి అక్షరాలు కాబట్టి నిఘంటువులో మాటల్లా మొదటి అక్షరం చూసి పేరుస్తుంది. 100లో మొదటిది 1, 30లో మొదటిది 3, అంచేత 100 ముందుకొచ్చేసింది. నీ పట్టీ ఇలా ఉంది: 100, 30, 40, 50, 60, 80, చివర నిల్. అంటే 100 కౌంట్‌కి నంబరు 1, 30కి 2, 40కి 3, 50కి 4, 60కి 5, 80కి 6, అసలు పట్టుబడే లేని పంటకి 7. నువ్వు యాజ్.న్యూమరిక్ అనగానే ఆర్ ఈ సీరియల్ నంబర్లు నీ చేతిలో పెట్టింది, వాటి సగటే ఆ 3.8. పోయిన పంటలకి అన్నిటికంటే పెద్ద అంకె పడింది, అది తలుచుకుంటేనే నాకు బాధనిపించింది.

దిద్దడం తేలిక. ముందు పేర్లు బయటికి తియ్యి, తర్వాత నంబర్లు చెయ్యి: యాజ్.న్యూమరిక్(యాజ్.క్యారెక్టర్(కౌంట్)). వచ్చినదాన్ని మళ్లీ కౌంట్ అనే పేరుకే పెట్టుకో. అప్పుడు నిల్ ఉన్నచోట ఎన్ఏ పెట్టి, కొయెర్షన్ (బలవంతంగా రకం మార్చడం) వల్ల ఎన్ఏలు వచ్చాయని వార్నింగ్ ఇస్తుంది. ఎర్రగా కనబడిందని టెన్షన్ పడకు, అలాగని వదిలెయ్యకు కూడా. సమ్(ఈజ్.ఎన్ఏ(కౌంట్)) కొట్టి ఎన్ని ఎన్ఏలు వచ్చాయో లెక్కపెట్టు. నాన్నగారి పుస్తకంలో పోయిన పంటలు ఐదు, ఇక్కడ ఎన్ఏలు ఎనిమిది అయితే ఆ మిగతా మూడు గళ్లలో ఇంకేదో రాసుందని అర్థం. ఇంట్లో కొత్త ఆర్ వేసుకుంటే ఫ్యాక్టర్ గొడవ రాదు, కాలమ్ అక్షరాలుగానే ఉంటుంది కాబట్టి సూటిగా యాజ్.న్యూమరిక్ సరిపోతుంది.

నువ్వు అడగలేదు గానీ ఇంకో మాట. కౌంట్లకి నేరుగా సగటు తియ్యకు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు అని, నాన్నగారికి నేను చెప్పక్కర్లేదు. 50 కౌంట్ వెయ్యి కిలోలు, 100 కౌంట్ రెండొందల కిలోలు పట్టారనుకో. మామూలు సగటు 75 వస్తుంది. అసలు లెక్క అది కాదు, 50 వేల రొయ్యలు, 20 వేల రొయ్యలు కలిపి 70 వేలు, దాన్ని 1,200 కిలోలతో భాగిస్తే 58 చిల్లర. రేటు దగ్గర 75కీ 58కీ ఎంత తేడానో మీ ఇంట్లో అందరికీ తెలుసు.

ప్రశ్న: ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టాలు రోజువారీగా సేకరించి, 11.75 అడుగులు దాటిన రోజులన్నీ తీసి ఇమ్మన్నాను. 9.8 అడుగులున్న రోజులు వచ్చేశాయి, 10.6 ఉన్న రోజులు మాత్రం రాలేదు. రెండోది, తేదీల మీద ఫర్ లూప్ (ఒక్కో విలువకీ అదే పని మళ్లీ చేయించేది) తిప్పితే తేదీ బదులు 19189 లాంటి అంకెలు వస్తున్నాయి. ఆర్ కొత్తదే సార్, 4 పైనే.
*డిప్లొమా విద్యార్థి, రాజమహేంద్రవరం*

జవాబు: బాబూ, 9.8 వచ్చింది, 10.6 రాలేదు అని రెండూ రాశావు చూడు, సగం జవాబు నువ్వే రాసేశావు. నీ మట్టం కాలమ్ అక్షరాలుగా ఉంది. అక్షరాల పోలికలో 9 అనేది 1 కంటే తర్వాతది, కాబట్టి 9.8 అనేది 11.75 కంటే పెద్దది. 10.6కి మొదటి అక్షరం 1, 11.75లోనూ 1, రెండో అక్షరం దగ్గర 10.6లోని 0 చిన్నది, అందుకని అది ఆగిపోయింది. నువ్వు 11.75ని అంకెగానే రాశావు, నిజమే, కానీ ఒకవైపు అక్షరాలుంటే ఆర్ రెండోవైపు అంకెను కూడా చప్పుడు లేకుండా అక్షరాలు చేసేసి పోలుస్తుంది. ఎర్రర్ ఇవ్వదు, వార్నింగ్ కూడా ఇవ్వదు, ఇదే నాకు భయం. 11.75 మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది. లంక గ్రామాల్లో గొడ్డూ గోదా తోలుకుని గట్టెక్కాలా వద్దా అని జనం చూసుకునే అంకెలవి. వీటి లెక్క చప్పుడు లేకుండా తప్పిపోకూడదు.

అందుకే ఏ ఫైల్ ఎక్కించినా మొట్టమొదట కొట్టాల్సింది ఎస్‌టీఆర్ అనే చిన్న కమాండ్. అది ప్రతి కాలమ్ పక్కనా దాని రకం చెప్పేస్తుంది. మట్టం పక్కన సీహెచ్ఆర్ అని కనబడితే అది అంకె కాదు, ఎన్యూఎం అంటే అంకె. తెరమీద కనిపించే ముఖాన్ని నమ్మొద్దు, రకం అడిగి తెలుసుకో.

మరి అక్షరాలు ఎందుకయ్యింది? నీ ఫైల్లో జులై నెల గళ్లలో అంకె పక్కనే అడుగులకి గుర్తుగా ఇంగ్లీషులో ఎఫ్‌టీ అని, దాని చివర చుక్క పెట్టి రాశారు. తీసేటప్పుడు ఇక్కడ జాగ్రత్త. అంకెలు, చుక్కలు తప్ప మిగతావన్నీ తీసెయ్ అని జీసబ్‌కి (అక్షరాలను వెతికి మార్చే ఫంక్షన్) చెబితే ఆ చివరి చుక్క మిగిలిపోతుంది, 12.1 కాస్తా వెనక ఇంకో చుక్కతో నిలబడుతుంది, దాన్ని నంబరు చెయ్యబోతే ఎన్ఏ అయిపోతుంది. అప్పుడు సరిగ్గా వరద రోజులే మాయమవుతాయి! ఎఫ్‌టీ చుక్క మొత్తాన్ని ఒకే ముక్కగా ఇచ్చి, ఫిక్స్‌డ్ = ట్రూ అని పెట్టి తీసెయ్. ఆ మాట పెట్టకపోతే ప్యాటర్న్‌లో చుక్కకి ఏ అక్షరమైనా అనే అర్థం ఉంటుంది. క్యూసెక్కుల కాలమ్‌లో 10,00,000 అని కామాలతో ఉన్నవాటికీ ఇదే మందు, ముందు కామాలు తీసి తర్వాత నంబరు చెయ్యాలి.

తేదీ సంగతి. ఆర్ దృష్టిలో తేదీ అంటే 1970 జనవరి 1 నుంచి ఎన్ని రోజులైందనే అంకె, దానిమీద ఇది తేదీ అని ఒక చీటీ. ఫర్ లూప్ ఒక్కో విలువను తీసుకునేటప్పుడు ఆ చీటీ ఊడిపోతుంది, ఒట్టి అంకె మిగులుతుంది. నీ 19189 అంటే 2022 జులై 16, ఆ ఏడాది గోదావరి వరదల రోజులే. తేదీల మీద కాకుండా సీక్_ఎలాంగ్(తేదీలు) మీద లూప్ తిప్పి, లోపల తేదీలు[ఐ] అని తీసుకో, చీటీ ఊడదు. ఇఫ్ఎల్స్ ఫంక్షన్ కూడా తేదీలకి ఇదే పని చేస్తుంది, ముందే తెలిసుంటే మంచిది.

ప్రశ్న: కొబ్బరి దింపు లెక్కలు సర్దడానికి శుభ్రం అని ఒక ఫంక్షన్ రాశాను. లోపల ప్రింట్ పెడితే అంతా సరిగ్గానే కనబడుతోంది, బయటికొచ్చి తోట అనే డేటా ఫ్రేమ్ (ఆర్‌లో పట్టిక) చూస్తే ఏమీ మారలేదు. పైథాన్ అనే ఇంకో కంప్యూటర్ భాషలో లిస్టు ఇస్తే మారేది కదండీ?
*అమలాపురం నుంచి ఒక పాఠకుడు*

జవాబు: పైథాన్ అలవాటుతో వచ్చిన ఇబ్బందేనండీ. ఆర్‌లో ఫంక్షన్‌కి మీరు ఇచ్చేది జిరాక్స్ కాపీ లాంటిది. జిరాక్స్ మీద సరిహద్దులు దిద్దితే అసలు దస్తావేజులో మారవు కదా. (నిజానికి ఆర్ వెంటనే కాపీ తియ్యదు, మీరు దిద్దే క్షణం వరకూ ఆగుతుంది, కానీ మీకు కనిపించే ఫలితం ఒకటే.) దిద్దినదాన్ని మళ్లీ తీసుకుని పేరు పెట్టుకోవాలి: తోట <- శుభ్రం(తోట).

ఇలా రాసేముందు మీ ఫంక్షన్ చివరి వరస ఒకసారి చూడండి. అది తోట$కాయలు <- ఏదో అని ఉంది. ఆర్ ఫంక్షన్ తన చివరి వరస విలువను తిరిగిస్తుంది, ఆ వరస విలువ కుడిపక్కనున్న కాయల కాలమ్ ఒక్కటే, డేటా ఫ్రేమ్ మొత్తం కాదు. దీన్ని ఇలాగే ఉంచి తోట <- శుభ్రం(తోట) కొట్టారంటే తోట అంతా పోయి ఒక్క కాలమ్ మిగులుతుంది. చివర ఇంకో వరసలో తోట అని ఒక్క మాట రాయండి చాలు. రెండు బాణాల గుర్తుతో బయటి తోటను నేరుగా మార్చొచ్చని ఎవరైనా చెబితే వినకండి, ఆరు నెలల తర్వాత ఏది ఎక్కడ మారిందో మీకే దొరకదు. డేటా.టేబుల్ ప్యాకేజీలో చుక్కలు-ఈక్వల్ గుర్తు మాత్రం అసలు కాగితం మీదే దిద్దుతుంది, అది వేరే పద్ధతి.

ప్రశ్న: మా ఊరి పొలాల జాబితాలో సర్వే నంబరు 145/2 బాగానే ఉంది, 12/3 మాత్రం 12-మార్చి అయ్యింది. ఫోన్ నంబర్లలో 08816 కోడ్ ముందున్న సున్నా పోయింది. ఆర్‌లో ఏం సెట్ చెయ్యాలి?
*పశ్చిమ గోదావరి జిల్లా పాఠకురాలు*

జవాబు: మొదటిది ఆర్ చెయ్యలేదండీ. ఫైల్ ఆర్ దగ్గరికి రాకముందే స్ప్రెడ్‌షీట్‌లో 12/3ని తేదీ అనుకుంది, 145 అనే రోజు లేదు కాబట్టి 145/2ని వదిలేసింది. కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టి, మారిపోయినవాటిని పాస్‌బుక్ చూసి మళ్లీ కొట్టుకోండి. తిరిగి ఊహించి దిద్దకండి, పొలం నంబరు కదా.

సున్నా మాత్రం ఆర్ దగ్గరా పోతుంది. 08816ని చూడగానే అంకె అనుకుని 8816 చేస్తుంది. ఫైల్ చదివేటప్పుడే కోల్‌క్లాసెస్ = "క్యారెక్టర్" అని ఇవ్వండి (కోల్ తర్వాత సి పెద్దది), అన్నీ అక్షరాలుగానే వస్తాయి, కూడికలు అవసరమైన కాలమ్‌లను తర్వాత మీరే నంబర్లు చేసుకోవచ్చు. ఏ అంకెతో మీరు కూడికా తీసివేతా చెయ్యరో అది అంకె కాదు, పేరు. ఆధార్, ఫోన్, సర్వే నంబరు, డోర్ నంబరు అన్నీ పేర్లే.

ప్రశ్న: వర్షపాతం కాలమ్‌లో ఖాళీలు ఎన్నో చూద్దామని వాన == ఎన్ఏ అని అడిగితే అన్నీ ఎన్ఏలే వచ్చాయి.
*రాజోలు*

జవాబు: ఎన్ఏ అంటే తెలియదు అని. ఈ రోజు వాన, తెలియని వానతో సమానమా అని అడిగితే ఎవరు మాత్రం ఏం చెబుతారు, తెలియదనే కదా. ఈజ్.ఎన్ఏ(వాన) అని అడగండి, అవునో కాదో చెబుతుంది. ఖాళీలన్నిటికీ సున్నా పెట్టేద్దామని మీరు ఉత్తరం చివర రాశారు, అది మాత్రం చెయ్యకండి. వాన పడని రోజు వేరు, వాన కొలిచే మనిషి రాని రోజు వేరు. తుపాను రోజున గేజ్ దగ్గరికి ఎవరూ వెళ్లలేకపోయి ఉంటే, మీరు సున్నా పెట్టేది ఆ ఏడాదిలో అన్నిటికంటే పెద్ద వానకి.